ఇంట్లో మూడు ట్యూబులు, పాపకు రాయాల్సింది ఏది?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది ఖమ్మం దగ్గర ఒక ఊరు. మా పాపకు నాలుగేళ్లు. ఏడాది నిండినప్పటి నుంచీ మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎర్రగా, గరుకుగా అయి ఒకటే దురద. రాత్రిళ్లు నిద్రలోనే గోకి గోకి రక్తం తెచ్చుకుంటుంది. స్కిన్ డాక్టర్ చూసి ఎగ్జిమా అన్నారు. డెసోనైడ్ క్రీము రాత్రిపూట పది రోజులు రాయమన్నారు. రెండు రోజులు రాశాను, తగ్గినట్టే అనిపించింది. ఇంతలో మా ఆడపడుచు ఫోన్‌లో చూసి "వదినా, ఇది స్టెరాయిడ్, పిల్లకి ఎదుగుదల ఆగిపోతుంది" అంది. భయమేసి ఆపేశాను. మళ్లీ మొదటికొచ్చింది. మా అత్తయ్య గుడ్డు, పాలు, వంకాయ మాన్పించారు. మావారికి గజ్జల్లో తామర ఉంది. ఎనిమిది నెలలుగా మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తున్నారు. దాని మీద క్లోబెటాసోల్, ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినాఫిన్ అని ఉంది. రాస్తే తగ్గుతుంది, మానితే వస్తుంది. పాపదీ తామరే కదా, అదే రాద్దామంటున్నారు. నేను మంగు మచ్చలకని బీటామెథాసోన్ క్రీము రెండేళ్లుగా ముఖానికి రాసుకుంటున్నాను. దాంతో ఏ ఇబ్బందీ లేదు. ఒక్క రోజు మానితే మాత్రం ముఖం మండుతుంది. పాపకు ఏం రాయమంటారు?

సమాధానం: అమ్మా, మీరు పాప గురించే అడిగారు. కానీ ఉత్తరం చదివాక నాకు పాప కంటే మీ ముఖం గురించి, మీవారి గురించి ఎక్కువ దిగులు వేసింది. మీ ఇంట్లో మూడు ట్యూబులున్నాయి. మూడింట్లోనూ స్టెరాయిడ్ ఉంది. వాటిలో అన్నిటికంటే నెమ్మదైన మందు పాపకు రాసిచ్చిన డెసోనైడ్. మీరు ముఖానికి రాసుకుంటున్న బీటామెథాసోన్ దానికంటే బాగా ఘాటు. మీవారి ట్యూబులోని క్లోబెటాసోల్ అయితే చర్మానికి రాసే స్టెరాయిడ్లన్నిటిలో పై మెట్టు మీద ఉంటుంది. హైడ్రోకార్టిసోన్ అనే తేలిక మందు బలాన్ని ఒకటి అనుకుంటే క్లోబెటాసోల్ బలాన్ని వందల్లో చెప్పాలి. మీరు భయపడి ఆపింది ఆ నెమ్మదైనదాన్ని. మిగతా రెండూ స్టెరాయిడ్లని మీకు ఎవరూ చెప్పలేదు, అందుకే నెలలూ ఏళ్లూ సాగుతున్నాయి.

ముందు పాప సంగతి చూద్దాం. పుండ్ల నుంచి చీము గానీ, పసుపురంగు రసి గానీ కారడం లేదంటే, డాక్టర్ రాసిన చీటీ ప్రకారం ఈ రాత్రికే డెసోనైడ్ మళ్లీ మొదలుపెట్టండి. మధ్యలో ఆపిన సంగతి రేపు ఆ డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పండి. తిడతారేమోనని దాచొద్దు. మందు సగంలో ఆపి, పనిచేయలేదని మాత్రమే చెబితే, డాక్టర్ ఇంకాస్త ఘాటైన మందుకు వెళ్లే ప్రమాదం ఉంది.

స్టెరాయిడ్ అనే మాట మీద మనవాళ్లకు ఉన్న భయం సగం జిమ్ముల నుంచి వచ్చింది. కండలు పెంచడానికి ఇంజెక్షన్లుగా తీసుకునేవి వేరే రకం స్టెరాయిడ్లు. చర్మానికి రాసేవి మన మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ తయారుచేసే కార్టిసాల్‌కు బంధువులు. 1952లో అమెరికాలో సల్జ్‌బర్గర్, విటెన్ అనే ఇద్దరు డాక్టర్లు హైడ్రోకార్టిసోన్‌ను పైపూతగా వాడి ఎగ్జిమా తగ్గుతుందని చూపించారు. అంతకుముందు ఎగ్జిమా పిల్లలకు నల్లటి తారు పూతలే గతి. ఈ మందు చర్మ కణాల లోపలికి వెళ్లి, వాపును రగిలించే సంకేతాలను అణుస్తుంది. పొంగిన సన్నటి రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. ఎరుపు, దురద తగ్గేది అందుకే. అదే మందు చర్మానికి పటుత్వాన్నిచ్చే కొల్లాజెన్ తయారీని కూడా నెమ్మదింపజేస్తుంది. ఘాటైనది నెలల తరబడి రాస్తే చర్మం పలచబడేది అందుకే. మేలూ కీడూ రెండూ ఒకే మందులో ఉన్నాయి కాబట్టి ఏ బలం, ఎక్కడ, ఎన్ని రోజులు అనే లెక్క తప్పకూడదు.

మీ ఆడపడుచు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. ఘాటైన స్టెరాయిడ్‌ను పిల్లల ఒళ్లంతా రోజుల తరబడి రాస్తే, లేదా డైపర్ కింద రాసి బిగించి ఉంచితే, మందు రక్తంలోకి చేరి ముఖం ఉబ్బడం, ఎదుగుదల మందగించడం లాంటివి జరుగుతాయి. అలాంటి పసిపిల్లలను నేను చూశాను. వాళ్లకు రాసింది డెసోనైడ్ కాదు. మీవారి చేతిలో ఉన్న లాంటి ట్యూబు. నాలుగు మడతలకు పది రోజులు డెసోనైడ్ రాసినందుకు ఎత్తు ఆగిపోదు. దురదతో రాత్రంతా నిద్రలేని పిల్ల మాత్రం పగలు చిరాకుగా ఉంటుంది, అన్నం సరిగా తినదు.

ఎంత రాయాలో చాలామందికి ఎవరూ చూపించరు, కాబట్టి వివరంగా చెబుతాను. ట్యూబు మూత తీసి మీ చూపుడు వేలు చివరి గీత దగ్గర మొదలుపెట్టి వేలి కొస దాకా ఒక సన్నని వరసగా క్రీము పిండండి. పెద్దవాళ్ల వేలి మీద అది సుమారు అర గ్రాము. ఆ అర గ్రాము మీ రెండు అరచేతులంత మేర చర్మానికి సరిపోతుంది, వేళ్లతో కలిపి. ఇప్పుడు మీ అరచేయి పాప మోచేతి మడత మీద ఆనించి చూడండి. మచ్చ మీ అరచేతిలో సగమే ఉందనుకుందాం. నాలుగు మడతలూ కలిపితే రెండు అరచేతులు. అంటే రోజుకు ఒక వేలి వరస, పది రోజులకు అయిదు గ్రాములు. పది గ్రాముల ట్యూబులో సగం అయిపోవాలి. రెండు రోజుల్లో కందిగింజంత తీసి నాలుగు మడతలకూ కంటితుడుపుగా పూసి ఉంటే పాపకు అందాల్సిన మందు అందలేదన్నమాట. తక్కువ రాసి ఎక్కువ రోజులు లాగడం కంటే, సరిపడా రాసి తొందరగా తగ్గించడమే చర్మానికి క్షేమం.

రోజుకు ఒక్కసారి చాలు. రుద్దకండి, మెరుపు పోయేదాకా మెల్లగా పరచండి. గరుకు పోయి, వేలితో తడిమితే పక్క చర్మంలాగే నున్నగా తగిలే వరకూ రాయాలి. ఎరుపు తగ్గగానే ఆపేస్తే నాలుగో రోజుకు మళ్లీ లేస్తుంది. మాటిమాటికీ తిరగబెట్టే పిల్లలకు, తగ్గిన తర్వాత కూడా పాత చోట్ల వారానికి రెండు రోజులు రాయమని డాక్టర్లు చెబుతారు. అది మీ డాక్టర్‌ను అడిగి చేయండి.

మందు కంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు: మాయిశ్చరైజర్. ఎగ్జిమా పిల్లల చర్మం సున్నం రాలిన గోడ లాంటిది. తడి నిలవదు, దుమ్మూ సబ్బూ లోపలికి దిగుతాయి. స్టెరాయిడ్ మంటను ఆర్పుతుంది గానీ ఆ గోడను మెత్తదు. గోరువెచ్చని నీళ్లతో అయిదు నుంచి పది నిమిషాలు స్నానం చేయించండి. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒంటి మీద ఇంకా తడి ఉండగానే, మూడు నిమిషాల్లోపు ఒళ్లంతా మాయిశ్చరైజర్ పట్టించండి. వాసన లేనిది ఏదైనా సరే. ఖరీదైనది కొనలేకపోతే మామూలు పెట్రోలియం జెల్లీ బాగా పనిచేస్తుంది, కాకపోతే దీపం, పొయ్యి దగ్గర జాగ్రత్త, అది అంటుకున్న బట్టలు తొందరగా మండుతాయి. ఎగ్జిమా పిల్లకు వారానికి పావు కిలో డబ్బా ఖర్చయినా ఎక్కువ కాదు. స్టెరాయిడ్‌కూ మాయిశ్చరైజర్‌కూ మధ్య పావుగంట, అరగంట ఎడం ఉంచండి. సున్నిపిండితో నలుగు పెట్టడం ఈ పిల్లకు వద్దు. అత్తయ్య గారు ప్రేమతోనే పెడతారు, నాకు తెలుసు. కానీ ఆ గరుకు ఈ చర్మానికి గీత మీద గీత గీసినట్టే. ఆవనూనె కూడా వద్దు.

గుడ్డు, పాలు, వంకాయ తిరిగి పెట్టండి. తిన్న గంట రెండు గంటల్లో ఒళ్లంతా దద్దుర్లు లేవడం, పెదవులు వాయడం, వాంతులు లాంటివి ఎప్పుడైనా జరిగితే మాత్రం ఆ పదార్థం ఆపి డాక్టర్‌కు చెప్పండి. అలాంటిదేమీ లేకుండా అనుమానం మీద పాలూ గుడ్డూ మాన్పిస్తే దురద ఎటూ తగ్గదు, పిల్ల బరువు తగ్గుతుంది. ఎదుగుదల గురించి భయపడాల్సింది అక్కడ.

ఈ లోగా మచ్చల మీద పసుపుపచ్చ పెచ్చులు కట్టినా, జ్వరం వచ్చినా, సూదితో పొడిచినట్టు ఒకే సైజు చిన్న చిన్న పొక్కులు గుంపుగా లేచినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ చివరిది హెర్పిస్ వైరస్ సోకడం వల్ల కావచ్చు, ఆలస్యం చేయకూడదు.

ఇక మీవారి విషయం. అసలు తంటా అంతా తామర అనే మాటలో ఉంది. మనవాళ్లు గుండ్రంగా పాకే ఫంగస్ మచ్చనూ తామర అంటారు, ఎగ్జిమానూ తామర అంటారు. కొన్ని ఇళ్లలో సోరియాసిస్‌నూ అదే అంటారు. మాట ఒకటే కాబట్టి మందూ ఒకటే అనుకుంటారు. పాపది బయటి నుంచి సోకింది కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు, దానికి స్టెరాయిడ్ కావాలి. మీవారిది ఫంగస్, అంటుకుంటుంది, దానికి స్టెరాయిడ్ విషం. ఫంగస్ మీద స్టెరాయిడ్ రాస్తే మొదటి రెండు రోజులు దురద మాయమవుతుంది. ఎందుకంటే దురద పుట్టించేది ఫంగస్ మీద మన ఒంటి కాపలా చేసే పోరాటం. స్టెరాయిడ్ ఆ కాపలాను నిద్రపుచ్చుతుంది. దొంగ ఇంట్లో ఉండగా కుక్క నోరు కట్టేసినట్టు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, లోపల సామాను పోతూనే ఉంటుంది. ట్యూబు ఆపిన వారానికి మచ్చ ఇంకా పెద్దదై బయటపడుతుంది. ఆ ట్యూబులో ఫంగస్‌ను చంపే టెర్బినాఫిన్ కూడా ఉంది కదా అంటారేమో. ఇప్పుడు మన దేశంలో తామర పుట్టించే ఫంగస్‌లలో టెర్బినాఫిన్‌కు లొంగనివి చాలా తిరుగుతున్నాయి. ట్రైకోఫైటాన్ ఇండోటీనియే అని ఆ రకానికి 2020లో ప్రత్యేకంగా పేరే పెట్టాల్సి వచ్చింది. అందులోని ఇండో అన్నది మన దేశం పేరే.

పైగా అది గజ్జ. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు ఒంటి మీద వేర్వేరు చోట్ల హైడ్రోకార్టిసోన్ రాసి ఎక్కడ ఎంత లోపలికి ఇంకుతుందో కొలిచారు. ముంజేతి చర్మాన్ని ఒకటి అనుకుంటే నుదుటికి 6, దవడకు 13, వృషణాల మీది చర్మానికి 42. అరికాలికి ఏడో వంతు. అరికాలి మీద నెల రోజులు వాడినా నిభాయించుకునే మందు, గజ్జల్లో చెమటకు నాని, బట్టల ఒత్తిడికి చర్మాన్ని తినేస్తుంది. ఆయన్ను ఒకసారి వెలుగులో చూసుకోమనండి. తొడల లోపలివైపు కడుపుతో ఉన్నవాళ్లకు పొట్ట మీద వచ్చేలాంటి చారలు ఎర్రగా కనిపిస్తే అవి ఆ ట్యూబు పెట్టిన గుర్తులే. రంగు మారతాయి గానీ చారలు పూర్తిగా పోవు.

ఆయన ఆ ట్యూబు ఈ రోజే ఆపాలి. ఆపాక వారం పది రోజులు దురద ఎగసిపడుతుంది, అప్పుడే మళ్లీ ట్యూబు మీదికి చేయి పోతుంది, గట్టిగా ఉండమనండి. స్కిన్ డాక్టర్ దగ్గరకు వెళ్తే మచ్చ అంచు గీకి మైక్రోస్కోపు కింద చూస్తారు. అయిదు నిమిషాల పని. తర్వాత స్టెరాయిడ్ లేని ఫంగస్ క్రీము, బహుశా మాత్రలు కూడా కొన్ని వారాల పాటు ఇస్తారు. క్రీము మచ్చ మీదే కాకుండా అంచు దాటి రెండు వేళ్ల మేర రాయాలి. మచ్చ పూర్తిగా పోయాక కూడా కనీసం రెండు వారాలు కొనసాగించాలి. ఆయన తువ్వాలు, లుంగీ, లోబట్టలు వేరుగా వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. బిగుతు జీన్సు కొన్నాళ్లు పక్కన పెట్టమనండి. ఇంట్లో అందరి ఒళ్లూ ఒకసారి చూడండి, పాపతో సహా. పాపకు ఎక్కడైనా అంచు పైకి లేచి మధ్యలో తేటగా ఉన్న గుండ్రటి మచ్చ కనిపిస్తే, దాని మీద డెసోనైడ్ రాయకుండా డాక్టర్‌కు చూపించండి. ఆయన ట్యూబు పాపకు ఒక్క చుక్క కూడా తగలకూడదు.

ఇప్పుడు మీ గురించి. ఏ ఇబ్బందీ లేదు, మానితే మాత్రం మండుతుంది అని రాశారు. అమ్మా, ఆ మంటే ఇబ్బంది. కిటికీ దగ్గర పగటి వెలుగులో చిన్న అద్దం పట్టుకుని బుగ్గలు చూసుకోండి. ఎర్రటి సన్న దారాల్లా రక్తనాళాలు పాకి ఉన్నాయా? పొయ్యి దగ్గర నిలబడితే, ఎండలోకి వెళ్తే ముఖం జేవురిస్తుందా? ఈ మధ్య గడ్డం దగ్గర సన్నని మొటిమలు, బుగ్గల మీద నూగు వచ్చాయా? ఇవి ఉంటే స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖం అన్నమాట. మన దేశపు డాక్టర్లు దానికి టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్ అని పేరు పెట్టారు, అంత ఎక్కువగా చూస్తున్నాం కాబట్టి. 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో దేశంలోని 12 చర్మ చికిత్సా కేంద్రాలకు ముఖం సమస్యతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాసుకుంటున్నారు. మీరు ఒంటరి కాదు, ఇందులో మీ తప్పు కూడా పెద్దగా లేదు. మొదటి నెల ముఖం తేటబడుతుంది, రక్తనాళాలు ముడుచుకుని తెల్లగా కనిపిస్తుంది, అందరూ బాగుందంటారు. ఎవరైనా నమ్ముతారు. ఆ తర్వాత చర్మం దానికి అలవాటు పడుతుంది. మానగానే నాళాలు ఒక్కసారిగా తెరుచుకుని మంట పుడుతుంది, మంటకు భయపడి మళ్లీ రాస్తారు. మంగు ఎక్కడికీ పోలేదు, కింద అలాగే ఉంది.

దీనికి ఈ వారంలోనే స్కిన్ డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ఒక్కసారిగా ఆపించాలా, తేలిక మందుకు దించుతూ ఆపించాలా అన్నది మీ చర్మం చూసి చెబుతారు. టాక్రోలిమస్ లాంటి స్టెరాయిడ్ కాని పూత ఇవ్వవచ్చు, కొన్నాళ్లు మాత్రలు కూడా. ఆపాక మొదటి రెండు మూడు వారాలు కష్టంగా ఉంటుంది, ముఖం ఎర్రబడి ఉబ్బినట్టు అవుతుంది. ముందే తెలిస్తే తట్టుకోగలరు, అందుకే దాచకుండా చెబుతున్నాను. చల్లటి నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డ ముఖం మీద వేసుకుంటే మంట తగ్గుతుంది. పూర్తిగా కుదుటపడటానికి నెలలు పట్టవచ్చు, కానీ చాలామందికి కుదుటపడుతుంది. అప్పటిదాకా బ్లీచ్, ఫేషియల్, నిమ్మరసం, శనగపిండి ఏదీ వద్దు. మంగుకు అసలు మందు ఎండ నుంచి కాపాడుకోవడం: ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, గొడుగు, చెంగు. మచ్చలకని ఇచ్చే మూడు మందుల కలయిక క్రీముల్లో కూడా స్టెరాయిడ్ ఉంటుంది. అవి డాక్టర్ చెప్పిన కొన్ని వారాలకే పరిమితం. వేరే పెట్టెలో మళ్లీ అదే మందు ఇంటికి రాకుండా చూసుకోండి.

పెట్టె మీద చిన్న అక్షరాల్లో మందు పేరు ఉంటుంది. పేరు చివర "సోన్" అని ఉంటే, బీటామెథాసోన్, మొమెటాసోన్ లాగా, అది స్టెరాయిడ్. "బెటాసోల్" అన్నా స్టెరాయిడే. డెసోనైడ్‌లా "ఓనైడ్" అని ముగిసే పూతలూ అంతే. "కొనజోల్" అని ముగిసేవి ఫంగస్ మందులు, ఆ రెండూ కలిపి ఒకే ట్యూబులో ఉంటే తామరకు కొనకండి. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతలను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా ఊళ్లలో కౌంటర్ మీద చేయి చాపితే ఇస్తూనే ఉన్నారు. నాకు దీని మీద చాలా బాధ ఉంది. షాపులో అబ్బాయికి మీమీద పగ లేదు. రెండు రోజుల్లో దురద తగ్గే మందు ఇమ్మని మనం అడుగుతాం, అతను అదే ఇస్తాడు.

పాప పక్కన పడుకున్నప్పుడు తన గోళ్లు చూడండి, పొడుగుంటే పడుకున్నాకే కత్తిరించేయండి, మెలకువలో ఊరుకోదు. మూడు ట్యూబులూ పెట్టెలతో సహా ఒక కవర్లో వేసి డాక్టర్ దగ్గరకు పట్టుకెళ్లండి, ముగ్గురూ కలిసి వెళ్లండి. రెండు వారాల తర్వాత పాప మోచేతి మడత తడిమి చూసి నాకు ఒక ముక్క రాయండి.